ఆవేశ కణాన్ని కంప్యూటర్‌లో తిప్పడం ఎట్లా: లోరెంజ్ బలం నుంచి బోరిస్ పద్ధతి దాకా

"అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్‌ను వదిలితే వృత్తం రావాలి కదా. నా ప్రోగ్రామ్‌లో మాత్రం సుడి తిరుగుకుంటూ బయటికి పోతోంది. తప్పెక్కడ?" వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌ కాలేజీల్లో డిగ్రీ ఎంపీసీఎస్ చదివేవాళ్లు, ఇంజినీరింగ్ ప్రాజెక్టు చేసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఫార్ములా సరిగ్గానే ఉంటుంది, కోడ్ కూడా ఎర్రర్ లేకుండా నడుస్తుంది. అయినా జవాబు తప్పు వస్తుంది.

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో చదివిన లోరెంజ్ బలం (విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఆవేశ కణం మీద చూపే బలం), పైథాన్‌లో లూప్ రాయడం వస్తే ఈ మార్గదర్శి సరిపోతుంది. వరుస మాత్రం తప్పకండి. ఒక అడుగులో జవాబు కాగితం లెక్కతో కలిశాకే తర్వాతి అడుగు వేయండి. తెర మీద బొమ్మ అందంగా ఉందంటే లెక్క సరైనట్టు కాదు. ఈ పనిలో ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- పైథాన్ 3, దానికి లెక్కల కోసం నంపై, గ్రాఫుల కోసం మాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాబ్ కంప్యూటర్ చాలు.
- ఒక నోట్‌బుక్, ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్.
- ఎలక్ట్రాన్ ఆవేశం: −1.602176634 × 10⁻¹⁹ కూలుంబులు. మైనస్ గుర్తుతో సహా రాసుకోండి.
- ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి: 9.10938 × 10⁻³¹ కిలోలు.
- ప్రోటాన్ ద్రవ్యరాశి: 1.67262 × 10⁻²⁷ కిలోలు.
- ఆవేశాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేవి (గుర్తు వదిలేసి): ఎలక్ట్రాన్‌కు 1.7588 × 10¹¹, ప్రోటాన్‌కు 9.5788 × 10⁷ కూలుంబులు/కిలో.

చివరి రెండు అంకెలే అసలు పనికొచ్చేవి. చలన సమీకరణంలో ఆవేశం, ద్రవ్యరాశి విడివిడిగా ఎక్కడా రావు, వాటి నిష్పత్తే వస్తుంది.

ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేకపోతే నెట్ ఉన్నచోట పిప్ డౌన్‌లోడ్ కమాండ్‌తో లైబ్రరీ ఫైళ్లను ఒక ఫోల్డర్‌లోకి దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ అనే ఆప్షన్లు పెట్టి ఆ ఫోల్డర్‌ను చూపించండి. రెండుచోట్లా పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే ఉండాలి, లేకపోతే నంపై ఎక్కదు.

2. ముందు కాగితం మీద మూడు అంకెలు

కోడ్ తెరిచే ముందే ఈ మూడూ తేల్చుకోండి:

- కోణీయ వేగం = నిష్పత్తి × అయస్కాంత క్షేత్రం
- ఒక చుట్టుకు పట్టే కాలం = 2 × 3.1416 ÷ కోణీయ వేగం
- వృత్త వ్యాసార్ధం = క్షేత్రానికి అడ్డంగా ఉన్న వేగం ÷ కోణీయ వేగం

మన ఉదాహరణ: క్షేత్రం 1 మిల్లీటెస్లా, జెడ్ దిశలో. ఎలక్ట్రాన్ వేగం సెకనుకు పది లక్షల మీటర్లు, ఎక్స్ దిశలో. కోణీయ వేగం 1.7588 × 10⁸, ఒక చుట్టుకు 35.72 నానోసెకన్లు, వ్యాసార్ధం 5.69 మి.మీ. వస్తాయి.

అదే వేగంతో ప్రోటాన్‌ను పెడితే చుట్టుకు 65.6 మైక్రోసెకన్లు, వ్యాసార్ధం 10.4 మీటర్లు. రెండింటికీ తేడా 1836 రెట్లు. ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కలిపి ఒకే లూప్‌లో నడపాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగి ఆలోచించాలి. టైమ్ స్టెప్ (లూప్ ఒక్కసారి తిరిగితే ముందుకు జరిగే కాలం) ఎలక్ట్రాన్‌కు సరిపడా చిన్నగా పెట్టాలి, అప్పుడు ప్రోటాన్ ఒక్క చుట్టు పూర్తిచేసేలోపు లక్షల స్టెప్‌లు అయిపోతాయి.

ఇంకొక అంకె సరదాకు కాదు, అంచనా కుదరడానికి: మన నేల మీద భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు 40 మైక్రోటెస్లాలు. శూన్యంలో ఇదే ఎలక్ట్రాన్ అందులో 14 సెం.మీ. వ్యాసార్ధంతో తిరుగుతుంది. అంటే అరచేతిలో పట్టే పరికరాన్ని అనుకరిస్తున్నా, భూమి క్షేత్రాన్ని వదిలేయవచ్చో లేదో లెక్క వేసుకునే చెప్పాలి.

3. యూనిట్లు మార్చుకోండి

10⁻³¹, 10⁻¹⁹ లాంటి అంకెలను నేరుగా కోడ్‌లో గుణిస్తే ప్రమాదం. సింగిల్ ప్రెసిషన్‌లో (అంకెకు 4 బైట్లే వాడే పద్ధతిలో) దాదాపు 10⁻³⁸ కంటే చిన్న సంఖ్య నిలబడదు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని ఆవేశంతో గుణించారంటే 10⁻⁴⁹ వస్తుంది, కంప్యూటర్ దాన్ని నిశ్శబ్దంగా సున్నా చేసేస్తుంది. ఎర్రర్ రాదు, కణం మాత్రం తిన్నగా పోతుంది.

కాబట్టి కొలతలను ఇట్లా పెట్టుకోండి:

- కాలం: 1 ÷ కోణీయ వేగం ఒక యూనిట్. ఒక చుట్టు అంటే 6.2832 యూనిట్లు.
- వేగం: మొదటి వేగమే 1.
- దూరం: వృత్త వ్యాసార్ధమే 1.
- అయస్కాంత క్షేత్రం: మీరు పెట్టిన విలువే 1.
- విద్యుత్ క్షేత్రం: మొదటి వేగం × అయస్కాంత క్షేత్రం ఒక యూనిట్. మన ఉదాహరణలో మీటరుకు 1000 వోల్టులు.

నిష్పత్తి స్థానంలో ఎలక్ట్రాన్‌కు −1 పెట్టాలి, ప్రోటాన్‌కు కొలతలన్నీ ప్రోటాన్‌తోనే వేసుకుని +1 పెట్టాలి. మామూలు యూనిట్లలోకి మార్చే పని బొమ్మ గీసేటప్పుడు ఒక్కసారే చేయండి. మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి మార్చితే తప్పు దొరకదు.

4. ఆయిలర్‌ను వదిలేయండి

మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. అందరూ ముందు రాసేది ఆయిలర్ పద్ధతి: ఇప్పుడున్న వేగంతో బలం లెక్కగట్టి, దాన్ని స్టెప్‌తో గుణించి వేగానికి కలపడం. అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటుంది. లంబంగా ఉన్న చిన్న ముక్కను కలిపితే వచ్చేది కర్ణం, అది పాత వేగం కంటే ఎప్పుడూ పొడుగే. పైథాగరస్ సిద్ధాంతం చాలు ఇది అర్థం కావడానికి. ప్రతి స్టెప్‌లోనూ కణానికి ఎక్కడా లేని శక్తి వచ్చి చేరుతుంది.

ఎంత చేరుతుంది? చుట్టుకు 100 స్టెప్‌లు పెడితే ఒక్క చుట్టులో గతిజ శక్తి 48 శాతం పెరుగుతుంది. పది చుట్లలో 51 రెట్లు అవుతుంది. స్టెప్‌ను పదోవంతుకు తగ్గించినా చుట్టుకు 4 శాతం పెరుగుదల తప్పదు. స్టెప్ తగ్గించడం దీనికి మందు కాదు, పద్ధతే మార్చాలి.

నాలుగో శ్రేణి రుంగే-కుట్టా చాలా మెరుగు. చుట్టుకు 100 స్టెప్‌లతో వెయ్యి చుట్లు తిప్పినా శక్తి తేడా పదివేలలో ఒక వంతుకు లోపే. కొన్ని పదుల చుట్లు చాలనుకుంటే అదే వాడండి, తప్పేం లేదు. కానీ దానిలో కూడా శక్తి ఒకే దిక్కుకు జారుతుంది. చుట్టుకు 20 స్టెప్‌లే పెట్టి వెయ్యి చుట్లు తిప్పితే దాదాపు 23 శాతం శక్తి పోతుంది. పైగా ప్రతి స్టెప్‌కు క్షేత్రాన్ని నాలుగుసార్లు లెక్కించాలి. ఎక్కువ చుట్లు, ఎక్కువ కణాలు ఉన్న పనికి 1970లో జే.పీ. బోరిస్ ఇచ్చిన పద్ధతే వాడాలి.

5. బోరిస్ పద్ధతి: ఏ పని తర్వాత ఏ పని

దీని కిటుకు ఒక్కటే. విద్యుత్ క్షేత్రం వేగాన్ని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, అయస్కాంత క్షేత్రం తిప్పుతుంది అంతే. ఈ రెండు పనులనూ విడదీసి, సగం తోపు, పూర్తి మలుపు, మళ్లీ సగం తోపు అనే వరుసలో చేస్తాం. మలుపులో వేగం పొడవు మారదు కాబట్టి ఒట్టి అయస్కాంత క్షేత్రంలో శక్తి జారడానికి సందే లేదు.

5.1. కణం ఉన్న స్థానంలో విద్యుత్, అయస్కాంత క్షేత్రాల విలువలు తీసుకోండి.

5.2. సగం తోపు:
వేగం1 = వేగం + నిష్పత్తి × విద్యుత్ క్షేత్రం × స్టెప్ ÷ 2

5.3. మలుపు సదిశ:
మలుపు = నిష్పత్తి × అయస్కాంత క్షేత్రం × స్టెప్ ÷ 2

5.4. సగం దాకా తిప్పిన వేగం:
వేగం2 = వేగం1 + (వేగం1 క్రాస్ మలుపు)

5.5. సరిచేసిన మలుపు:
సరిమలుపు = 2 × మలుపు ÷ (1 + మలుపు పొడవు వర్గం)

5.6. పూర్తి మలుపు:
వేగం3 = వేగం1 + (వేగం2 క్రాస్ సరిమలుపు)

5.7. రెండో సగం తోపు:
కొత్త వేగం = వేగం3 + నిష్పత్తి × విద్యుత్ క్షేత్రం × స్టెప్ ÷ 2

5.8. స్థానం:
కొత్త స్థానం = స్థానం + కొత్త వేగం × స్టెప్

5.6లో కలపాల్సింది వేగం1కే. అక్కడ వేగం2కు కలిపేవాళ్లు ఎక్కువ. అట్లా చేస్తే పొడవు పెరిగి, ఆయిలర్‌లో వచ్చిన సుడే మళ్లీ వస్తుంది. ఇంకొకటి క్రాస్ లబ్ధంలో వరుస. వేగం ముందు, మలుపు తర్వాత. తారుమారైతే కణం ఎదురు దిక్కులో తిరుగుతుంది, శక్తి మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. కాబట్టి శక్తి గ్రాఫ్ ఈ తప్పును పట్టలేదు.

మొదటి స్టెప్ ముందు ఒక చిన్న పని

ఈ పద్ధతిలో స్థానం, వేగం ఒకే క్షణానికి చెందినవి కావు. స్థానం పూర్తి స్టెప్‌ల దగ్గర, వేగం వాటి నడిమధ్య క్షణాల దగ్గర ఉంటాయి. అందుకే లూప్ మొదలయ్యే ముందు 5.2 నుంచి 5.7 వరకు ఒక్కసారి, స్టెప్ బదులు మైనస్ సగం స్టెప్ పెట్టి నడపండి. స్థానాన్ని కదపకండి. ఇప్పుడు వేగం సగం స్టెప్ వెనక్కి వెళ్లింది, లూప్ మొదలుపెట్టవచ్చు.

ఇది మరిచిపోతే వృత్తం వృత్తంగానే వస్తుంది కానీ కేంద్రం కొంచెం పక్కకు జరుగుతుంది. ఒక కణానికి పట్టించుకోరు, 7.4లో వచ్చే అద్దం పరీక్షలో మాత్రం అది బయటపడుతుంది.

చేత్తో సరిచూసుకోవడానికి

వెనక్కి జరిపే పని ఆపి, మన ఉదాహరణకు ఒక్క స్టెప్ నడపండి. విద్యుత్ క్షేత్రం సున్నా, చుట్టుకు 100 స్టెప్‌లు. వరుసగా ఇవి రావాలి:

- మలుపు (జెడ్ భాగం): −0.031416
- వేగం2: ఎక్స్ 1, వై 0.031416
- సరిమలుపు: −0.062770
- వేగం3: ఎక్స్ 0.998028, వై 0.062770
- వేగం3 పొడవు: 1.000000

ఐదో అంకె దాకా కలవకపోతే ముందుకు పోవద్దు. తప్పు ఏ వరుసలో ఉందో ఈ పట్టికే చెప్పేస్తుంది.

6. స్టెప్ ఎంత పెట్టాలి

బోరిస్‌లో శక్తి జారదు గానీ కణం కాస్త ఆలస్యంగా తిరుగుతుంది. చుట్టుకు 20 స్టెప్‌లు పెడితే ఒక్కో చుట్టుకు దాదాపు 3 డిగ్రీలు వెనకబడుతుంది. 100 పెడితే 0.12 డిగ్రీలు. చూడ్డానికి చిన్నదే, కానీ వెయ్యి చుట్లకు 118 డిగ్రీలు అవుతుంది. ఫలానా క్షణంలో కణం ఎక్కడుంది అనేది మీకు ముఖ్యమైతే ఈ లెక్క వేసుకోండి. కణం దారి ఎటు జరిగింది, ఎంత శక్తితో బయటపడింది అన్నదే కావాలంటే చుట్టుకు 20 నుంచి 50 చాలు.

క్షేత్రం చోటు చోటుకు మారేటప్పుడు కణం వెళ్లగలిగే చోట్లలో అన్నిటికంటే బలమైన క్షేత్రాన్ని తీసుకుని స్టెప్ నిర్ణయించాలి. మొదటి స్థానంలోని విలువతో కాదు. మధ్యలో స్టెప్ మార్చుకుంటూ పోవాలన్న ఆలోచన వస్తుంది, చేయకండి. స్టెప్ మారితే సగం క్షణాల పొత్తు చెడి, ఈ పద్ధతికి ఉన్న మంచి గుణమే పోతుంది.

7. నాలుగు పరీక్షలు, ఈ వరుసలోనే

7.1. ఒట్టి విద్యుత్ క్షేత్రం

ఎక్స్ దిశలో మీటరుకు 1000 వోల్టులు. నిలిచి ఉన్న ఎలక్ట్రాన్‌ను వదలండి. అది మైనస్ ఎక్స్ వైపు పోవాలి. 10 సెం.మీ. దాటేసరికి 33.7 నానోసెకన్లు అయ్యి, వేగం సెకనుకు 5.93 × 10⁶ మీటర్లు ఉండాలి. ప్లస్ ఎక్స్ వైపు పోయిందంటే ఆవేశం గుర్తు మరిచారు.

ఇక్కడ మొదటి వేగం సున్నా కాబట్టి మూడో భాగంలో చెప్పిన వేగం యూనిట్ పనికిరాదు. పాత ఉదాహరణలోని యూనిట్లనే ఉంచి, మొదటి వేగానికి సున్నా ఇవ్వండి.

7.2. ఒట్టి అయస్కాంత క్షేత్రం

జెడ్ వైపు నుంచి కిందికి చూస్తే, అంటే క్షేత్రం మన మొహానికి ఎదురుగా వస్తుంటే, ఎలక్ట్రాన్ గడియారానికి ఎదురు దిక్కులో తిరగాలి. ప్రోటాన్ గడియారం దిక్కులో. తర్వాత జెడ్ దిశలో సెకనుకు ఐదు లక్షల మీటర్ల వేగం కలిపి చూడండి. స్ప్రింగు ఆకారం వచ్చి, చుట్టుకు చుట్టుకు మధ్య దూరం 1.79 సెం.మీ. రావాలి.

పదివేల చుట్లు తిప్పండి. గతిజ శక్తి మొదటి విలువతో పన్నెండో దశాంశం దగ్గర్లో కలవాలి. ఆరో దశాంశంలోనే తేడా ఉంటే మీ అర్రేలు సింగిల్ ప్రెసిషన్‌లో ఉన్నాయేమో చూడండి.

7.3. రెండూ కలిపి

విద్యుత్ క్షేత్రం ఎక్స్ దిశలో మీటరుకు 100 వోల్టులు, అయస్కాంత క్షేత్రం జెడ్ దిశలో 1 మిల్లీటెస్లా. ఎలక్ట్రాన్‌ను నిలిపి వదలండి.

విద్యుత్ క్షేత్రం ఎక్స్ వైపు ఉంటే కణం కూడా ఆ గీత మీదే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతుంటే ఆ గానుగనే ఎవరో పక్కకు లాక్కుపోతున్నట్టు ఊహించుకోండి. ఎలక్ట్రాన్ తిరుగుతూనే ఉంటుంది, దాని వృత్త కేంద్రం మాత్రం మైనస్ వై దిక్కుకు జరుగుతుంది. జరిగే వేగం విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగిస్తే వచ్చేది: సెకనుకు లక్ష మీటర్లు.

సరిచూసుకోవాల్సినవి:

- ప్రతి 35.72 నానోసెకన్లకు కణం ఒక్క క్షణం ఆగాలి.
- ఆ ఆగే చోట్ల మధ్య దూరం 3.57 మి.మీ.
- మైనస్ ఎక్స్ వైపు గరిష్ఠంగా 1.14 మి.మీ. మాత్రమే పోవాలి.
- గరిష్ఠ వేగం సెకనుకు రెండు లక్షల మీటర్లు.
- ప్రోటాన్ పెట్టినా జరిగే దిక్కు, వేగం మారకూడదు. చుట్టు కాలం, పరిమాణం మారతాయి.

ఏకరీతి క్షేత్రాల్లో బోరిస్ ఈ జరుగుడు వేగాన్ని స్టెప్ ఎంతున్నా కచ్చితంగా ఇస్తుంది. కాబట్టి ఇక్కడ తేడా వస్తే స్టెప్ మీద నెపం వేయకండి, కోడ్‌లో తప్పుంది.

7.4. అయస్కాంత అద్దం

కష్టమైన పరీక్ష, తప్పకుండా చేయాల్సిన పరీక్ష. రెండు చివర్లలో క్షేత్రం బలంగా ఉంటే కణం అక్కడికి వెళ్లి వెనక్కి తిరుగుతుంది.

క్షేత్రాన్ని ఇట్లా రాయండి. మధ్యలో బలం 10 మిల్లీటెస్లాలు, పొడవు కొలత 10 సెం.మీ.:

- జెడ్ భాగం = మధ్య బలం × (1 + జెడ్ వర్గం ÷ పొడవు వర్గం)
- ఎక్స్ భాగం = − మధ్య బలం × ఎక్స్ × జెడ్ ÷ పొడవు వర్గం
- వై భాగం = − మధ్య బలం × వై × జెడ్ ÷ పొడవు వర్గం

మొదటి వరుస ఒక్కటే రాసి మిగతా రెండూ వదిలేయడం అన్నిటికంటే తరచుగా కనిపించే తప్పు. క్షేత్రం జెడ్ దిశలోనే ఉంటే జెడ్ దిశలో బలం పుట్టదు, కణం ఎప్పటికీ వెనక్కి రాదు. అయస్కాంత క్షేత్ర రేఖలు ఎక్కడా మొదలుకావు, ఎక్కడా ఆగవు. జెడ్ వెంట బలం పెరుగుతోందంటే రేఖలు పక్కల నుంచి దగ్గరపడాల్సిందే. కణాన్ని వెనక్కి నెట్టేది ఆ పక్క భాగాలే. మీరు కొత్తగా రాసే ఏ క్షేత్రానికైనా మూడు భాగాల మార్పు రేట్ల మొత్తం, అంటే డైవర్జెన్స్, సున్నా అవుతుందో లేదో ముందు చూడండి.

ఎలక్ట్రాన్‌ను ఎక్స్ = 0.402 మి.మీ. దగ్గర పెట్టి, వై వేగం 7.07 × 10⁵, జెడ్ వేగం 7.07 × 10⁵ ఇవ్వండి. అప్పుడు వృత్త కేంద్రం సరిగ్గా అక్షం మీద ఉంటుంది. స్టెప్ 0.0357 నానోసెకన్లు. అద్దం దగ్గర క్షేత్రం రెట్టింపు అయినా చుట్టుకు 50 స్టెప్‌లు దొరుకుతాయి.

జెడ్ = 10 సెం.మీ. దగ్గర కణం వెనుదిరగాలి. అటు పోయి, ఇటు పోయి, మళ్లీ మధ్యకు చేరడానికి దాదాపు 889 నానోసెకన్లు, అంటే సుమారు 25 వేల స్టెప్‌లు పట్టాలి. ఇవి దాదాపు విలువలు, ఒకటి రెండు శాతం అటుఇటు రావచ్చు. అడ్డ వేగం వర్గాన్ని క్షేత్ర బలంతో భాగించి గ్రాఫ్ గీయండి. అది సన్నగా వణుకుతూ ఒకే మట్టంలో ఉండాలి. వణుకు సహజం, మట్టం జారితే మాత్రం తప్పుంది.

8. కణాలు వందలు, వేలు అయినప్పుడు

ఒక్కో కణానికి ఒక లూప్ రాయకండి. వరుసకు ఒక కణం, మూడు నిలువు గడులు ఉండే ఒకే అర్రేలో వేగాలన్నీ పెట్టండి. ఐదో భాగంలోని వరుసలన్నీ మొత్తం అర్రే మీద ఒకేసారి పనిచేస్తాయి. గోడకు తగిలి పోయిన కణాలను అర్రే నుంచి తీసేయకుండా, బతికున్నాయా లేదా అన్న గుర్తుల అర్రే ఒకటి పక్కన ఉంచుకోండి. తీసేస్తే ఏ కణం ఏదో తర్వాత తెలియదు.

ఇక మెమరీ. పదివేల కణాలు, లక్ష స్టెప్‌లు, ప్రతి స్టెప్‌లో స్థానం, వేగం కలిపి ఆరు అంకెలు, అంకెకు 8 బైట్లు: మొత్తం 48 జీబీ. ఏ ల్యాబ్ కంప్యూటరూ మోయలేదు. అన్ని కణాలనూ అరుదుగా సేవ్ చేయండి, ఎంచుకున్న ఇరవై కణాలను మాత్రం ప్రతి కొన్ని స్టెప్‌లకు ఒకసారి సేవ్ చేయండి.

అరుదుగా అన్నప్పుడు ఒక వల ఉంది. చుట్టుకు 100 స్టెప్‌లు పెట్టి, ప్రతి 100వ స్టెప్ మాత్రమే దాచుకుంటే కణం ప్రతిసారీ ఒకే చోట దొరుకుతుంది. గ్రాఫ్‌లో అది కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది. వృత్తం చూడాలంటే చుట్టుకు కనీసం 20 చుక్కలు దాచాలి. జరుగుడు మాత్రమే చూడాలంటే కణం స్థానం బదులు వృత్త కేంద్రాన్ని దాచండి:

కేంద్రం = స్థానం + (వేగం క్రాస్ అయస్కాంత క్షేత్రం) ÷ (నిష్పత్తి × క్షేత్ర బలం వర్గం)

ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. రాత్రంతా నడిచే ప్రోగ్రామ్ ప్రతి పది నిమిషాలకు స్థానం, వేగం, స్టెప్ నంబరు ఒక ఫైల్‌లో రాయాలి. రెండు ఫైళ్లు పెట్టుకుని మార్చి మార్చి రాయండి. రాస్తుండగానే కరెంటు పోతే ఒకటి పాడైనా రెండోది మిగులుతుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు సగం స్టెప్ వెనక్కి జరిపే పని రెండోసారి చేయకండి, దాచిన వేగం ఇప్పటికే సగం క్షణానిది.

ఇదంతా కణాలు ఒకదాన్నొకటి తోసుకోవు అన్న లెక్క మీద ఉంది. తోపులు కూడా కలపాలంటే పదివేల కణాలకు ప్రతి స్టెప్‌లో దాదాపు ఐదు కోట్ల జతలు చూడాలి. దానికి గళ్ల మీద ఆవేశాన్ని పోగుచేసి క్షేత్రం లెక్కించే వేరే పద్ధతి కావాలి. బోరిస్ అందులో కూడా కణాన్ని కదిలించే భాగంగా ఇట్లాగే ఉంటుంది.

9. వేగం బాగా ఎక్కువైతే

ఎలక్ట్రాన్‌కు 5 కిలోఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి దగ్గరే సాపేక్షతా సవరణ ఒక శాతానికి వస్తుంది. అప్పటి వేగం సెకనుకు 4.2 × 10⁷ మీటర్లు. ఆపైన పోతే మార్చాల్సినవి మూడే: వేగం బదులు గామా (సాపేక్షతా గుణకం) × వేగం అనే రాశిని మోయండి, సగం తోపు తర్వాత గామా లెక్కించి మలుపును దానితో భాగించండి, స్థానం కదిపేటప్పుడు చివరి రాశిని కొత్త గామాతో భాగించండి. గామాను తోపుకు ముందు లెక్కిస్తే ఫలితం చెడుతుంది. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండూ బలంగా ఉండి కణం కాంతి వేగానికి దగ్గరగా జరిగే సందర్భాల్లో బోరిస్ కూడా తడబడుతుంది. అక్కడ 2017లో వచ్చిన హిగ్వేరా-కేరీ పద్ధతి మేలు.

10. లక్షణం చూసి తప్పు పట్టడం

సేవ్ చేసిన చుక్కలన్నీ ఒకేచోట ఉన్నాయి. లిస్టులో ప్రతిసారీ అదే అర్రేను చేర్చారు. పైథాన్ దాని నకలు తీసుకోదు, చిరునామా మాత్రమే దాచుకుంటుంది. చేర్చేటప్పుడు కాపీ అని రాయండి.

కణం కదలదు, లేదా గెంతుతూ కదులుతుంది. మొదటి వేగాన్ని 1, 0, 0 అని దశాంశం లేకుండా రాశారు. నంపై దాన్ని పూర్ణాంకాల అర్రేగా తీసుకుంది. అందులోకి 0.998 పెడితే చప్పుడు చేయకుండా సున్నా చేస్తుంది. 1.0 అని రాయండి.

వృత్తం కోడిగుడ్డులా ఉంది. లెక్క సరైనదే. గ్రాఫ్‌లో రెండు అక్షాల కొలత ఒకటి కాదు. యాక్సిస్ ఈక్వల్ పెట్టండి.

మొత్తం శక్తి పైకీ కిందికీ ఊగుతోంది. స్థితిజ శక్తిని పూర్తి క్షణంలో, గతిజ శక్తిని సగం క్షణంలో తీసుకున్నారు. ముందు వేగం, తర్వాత వేగం సగటు తీసి అప్పుడు గతిజ శక్తి లెక్కించండి.

పట్టికలో ఉన్న క్షేత్రం వాడితే శక్తి నెమ్మదిగా పెరుగుతోంది. దగ్గరి గడి విలువనే వాడుతున్నట్టున్నారు. గడి దాటిన ప్రతిసారీ విద్యుత్ బలం ఒక్కసారిగా మారుతుంది. చుట్టూ ఉన్న గడుల మధ్య అంతర్వేశనం (ఇంటర్‌పొలేషన్) చేయండి. గడి వెడల్పు వృత్త వ్యాసార్ధం కంటే చిన్నదిగా ఉందో లేదో కూడా చూడండి.

స్టెప్ సగం చేస్తే జవాబు మారిపోతోంది. అయితే ఇంకా సగం చేయండి. రెండో శ్రేణి పద్ధతి కాబట్టి స్టెప్ సగమైతే తేడా నాలుగోవంతు కావాలి. సగమే అవుతుంటే సగం స్టెప్ వెనక్కి జరిపే పని మరిచిపోయారు. ఏమీ తగ్గకపోతే క్షేత్రం రాసిన ఫంక్షన్‌లో వెతకండి.

ప్రాజెక్టు రిపోర్టులో గ్రాఫ్ పెట్టేటప్పుడు దాని కింద కణం పేరు, రెండు క్షేత్రాల విలువలు, మొదటి స్థానం, మొదటి వేగం, చుట్టుకు ఎన్ని స్టెప్‌లు, మొత్తం ఎన్ని చుట్లు, శక్తి తేడా ఎంత శాతం అని రాయండి. ఆ ఏడూ ఉంటే ఎవరైనా తమ కంప్యూటర్‌లో అదే గ్రాఫ్ మళ్లీ తెప్పించగలరు.